కుక్క నేల తవ్వుతోందా? ముందు ఆ గొయ్యి చూడండి

ఎండాకాలం మొదలైందంటే చాలు, కుక్కల్ని పెంచుకునేవాళ్ల నోట ఒకటే ఫిర్యాదు. గులాబీ మొక్క పీకేసింది, కరివేపాకు చెట్టు మొదలంతా తవ్వి పోసింది, గేటు కింద గొయ్యి పెట్టింది, ఎంత తిట్టినా మానట్లేదు. వెంటనే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: గోతిలో కారం చల్లండి, గొలుసుతో కట్టేయండి, లేదంటే గొయ్యి నిండా నీళ్లు పోసి దాని మూతి అందులో ముంచండి, ఇంకోసారి తవ్వదు. ఈ చివరి మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అది పచ్చి హింస. పైగా దానివల్ల తవ్వడం ఆగదు, కుక్కకు మనమంటే భయం పట్టుకుంటుంది అంతే. ఇంటి ముందు కుక్క గొయ్యి తవ్వితే ఇంటికి కీడని నమ్మి, పెంచిన కుక్కను ఆటోలో తీసుకెళ్లి ఊరి బయట వదిలేసి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాయాలనిపించింది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మనం తవ్వడాన్ని ఒకే అలవాటుగా చూస్తున్నాం. చల్లదనం కోసం తవ్వే కుక్క, పందికొక్కు కోసం తవ్వే కుక్క, పిల్లల్ని పెట్టడానికి తవ్వే కుక్క, టపాసులకు బెదిరి తవ్వే కుక్క, రోజంతా ఏమీ తోచక తవ్వే కుక్క, ఇవన్నీ అవే ముందుకాళ్లతో అదే మట్టిని వెనక్కి ఎగజిమ్ముతాయి కాబట్టి మనకు అంతా ఒకేలా కనిపిస్తుంది. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. కారణం కనిపెట్టడం మరీ కష్టమేమీ కాదు. గొయ్యి ఎక్కడుంది, ఏ వేళప్పుడు తవ్వింది, ఏ ఆకారంలో ఉంది, తవ్వాక కుక్క ఏం చేసింది, ఈ నాలుగూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

వైజాగ్‌లో అయితే నేను మొదట అనుమానించేది ఉక్కపోతనే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద మెత్తల దగ్గర మాత్రం కాస్త పడుతుంది, ఒంటిని చల్లబరచడానికి అది ఏ మూలకూ చాలదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, అది పెరిగిపోకుండా చూసుకోవడానికి దానికున్న ప్రధానమైన దారి నాలుక బయటపెట్టి రొప్పడం. రొప్పేటప్పుడు నాలుక మీదా నోట్లోనూ ముక్కులోనూ ఉన్న తడి ఆవిరవుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. సముద్రం పక్కన గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కదా, మన చెమట ఆరని రోజున దాని నాలుకా ఆరదు. విజయవాడలో 42, 43 చూపిస్తున్న రోజున ఇక్కడ 35, 36 చూపిస్తుంటే మన ఊరే నయం అనుకుంటాం గానీ, రొప్పడమే ఆధారంగా బతికే జంతువుకు ఈ తేమలో 35 డిగ్రీలంటే చాలా కష్టం.

గాలి సాయం చేయనప్పుడు ఇక మిగిలేది నేలే. మే నెల ఎండకు పైమట్టి కాలిపోతున్నా జానెడు లోతుకు వెళ్తే మట్టి చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది. కుక్కకు పొట్ట కింద బొచ్చు పల్చన, ఆ పొట్టను తడిమట్టికి ఆనిస్తే వేడి నేరుగా నేలలోకి దిగిపోతుంది. కరెంటు పోయిన రాత్రి మనం పరుపు వదిలేసి గచ్చు మీద పడుకోవడం లాంటిదే ఇది.

ఇలాంటి గొయ్యిని గుర్తుపట్టడం తేలిక. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, అంచులు నున్నగా ఉంటాయి, కుక్క ముడుచుకుని పడుకుంటే ఎంత చోటు పడుతుందో సరిగ్గా అంతే ఉంటుంది. గోడ నీడలోనో, నీళ్ల ట్యాంకు పక్కనో, కుళాయి కారే చోటో ఉంటుంది. తవ్విన వెంటనే అందులో పడుకోవడం అసలైన గుర్తు. కాసేపు గమనించండి, కొంతసేపటికి లేస్తుంది, అదే గోతిలో ఇంకో నాలుగు పీకులు పీకి, ఒక చుట్టు తిరిగి మళ్లీ పడుకుంటుంది. అప్పటికి ఒంటి కింద మట్టి వేడెక్కిపోయింది, దానికి అడుగున ఉన్న చల్లమట్టి కావాలి. ఇల్లు కడుతున్న చోట రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పల్లో మధ్యాహ్నం పూట వీధికుక్కలు చేసేదీ ఇదే, తడిపిన ఇసుక అయితే ఇక వదలవు.

మరి మొక్కలనే ఎందుకు పట్టుకుంటుంది అని అడుగుతారు. ఎంవీపీ కాలనీలో గానీ, సీతమ్మధారలో గానీ, మధురవాడ వైపు వస్తున్న కొత్త లేఅవుట్లలో గానీ ఇంటి చుట్టూ చూడండి. గోడ నుంచి గోడ దాకా పార్కింగ్ టైల్స్, లేదంటే సిమెంటు. అవి మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంటాయి. ఇంటి మొత్తానికి మట్టి మిగిలింది మొక్కల పాదుల్లోనే, ఆ పాదుల్లో పొద్దున్నే నీళ్లు పోసేది మనమే. కుక్కకు గులాబీ మీద పగేమీ లేదు, మనం మిగిల్చిన చల్లటి చోటు అదొక్కటే. అక్కడ కారం చల్లితే దానికున్న ఒక్క ఆధారాన్నీ లాగేసుకున్నట్టు అవుతుంది, కళ్లూ ముక్కూ మండటం వేరే. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి చలిదేశపు కుక్కల్ని ఈ ఊళ్లో పెంచేవాళ్లు ఈ సంగతి మరీ జాగ్రత్తగా పట్టించుకోవాలి. ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు బాగా ఎర్రబడి, అడుగులు తడబడుతుంటే అది వడదెబ్బ. నీడలోకి తెచ్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాను పెట్టి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

రెండో రకం గొయ్యి దీనికి పూర్తిగా వేరు. సన్నగా, లోతుగా ఉంటుంది, ఒక్కటి కాకుండా ఒక వరసలో మూడు నాలుగు ఉంటాయి, కాంపౌండ్ గోడ వెంబడో డ్రైనేజీ వైపో సాగుతాయి. ఇది వేట. కుక్క తవ్వుతూ తవ్వుతూ ఆగుతుంది, మూతి లోపలికంటా దూర్చి గట్టిగా పీలుస్తుంది, తల ఒక పక్కకు వంచి వింటుంది, ఒక్క ఉదుటున ఇంకో చోట మొదలుపెడుతుంది. కింద ఉన్నది సాధారణంగా పందికొక్కు. మన ఊళ్లో కాలువల పక్కన, పాత పునాదుల కింద వాటి బొరియలకు కొదవ లేదు. వానలు పడ్డాక అయితే కుమ్మరి పురుగులూ వేరుపురుగులూ కూడా కావచ్చు, అవి మట్టిలో కదులుతుంటే ఆ అలికిడి మనకు వినబడదు, దానికి వినబడుతుంది.

వేట కోసం తవ్వే కుక్క గురించి నాకు నిజంగా భయం వేసేది మొక్కలు పోతాయని కాదు, ఆ కన్నంలో ఏముందో అని. పందికొక్కు వదిలేసిన బొరియలో నాగుపాము ఉండటం ఏమంత అరుదైన సంగతి కాదు. కాటు పడినట్టు అనుమానం వస్తే పసరు మందులతో కాలం గడపొద్దు, మనుషులకిచ్చే పాము విషానికి విరుగుడు మందే కుక్కలకూ వాడతారు, ఎంత తొందరగా తీసుకెళ్తే అంత మంచిది. ఇంకోటి, ఎలుకల మూత్రంతో తడిసిన మట్టి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది, కుక్కకూ వస్తుంది, దాన్నుంచి మనకూ రావొచ్చు. కుక్కలకు వేయించే సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ టీకాల్లో దీనికి రక్షణ ఉంటుంది, ఏటా మళ్లీ వేయించాలి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్ని వీధి మట్టిలో ఆడనివ్వకపోవడం మేలు, వాటికి ప్రాణాంతకమైన పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది. ఇక ఇక్కడ కుక్కను శిక్షించి ప్రయోజనమేముంది? పందికొక్కులకు మేత దొరక్కుండా చెత్త మూత పెట్టి, బొరియలు మూయించండి, గోతులు వాటంతటవే తగ్గుతాయి.

వేటలాగే కనిపించేది, కానీ మనం చేతులారా పెట్టుకునేది ఒకటుంది. చేపలు కడిగిన నీళ్లు, చేప పొట్టలు, రొయ్యల తొక్కలు గులాబీకీ కరివేపాకుకీ బలమని వాటి మొదళ్లలో పోస్తాం, పాతిపెడతాం. మన వైపు ఇది ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పక్కర్లేదు. మనిషి ముక్కు కంటే ఎన్నో వేల రెట్లు చురుకైన ముక్కున్న జంతువు ముందు రొయ్యల తొక్కలు పాతిపెట్టి, తవ్వొద్దంటే ఎలా? ఎముకల పొడి వేసినా అంతే. వీటితో పోయేది మొక్క ఒక్కటే. ఆముదపు పిండి మాత్రం ప్రాణం తీస్తుంది. నర్సరీల్లో ఎరువుగా అమ్మే ఆముదపు పిండిలో రైసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు, వాసనకు కుక్కలు ఇష్టంగా తింటాయి, వాంతులూ రక్త విరేచనాలతో మొదలై చనిపోయే దాకా వెళ్లొచ్చు. ఇంట్లో కుక్క ఉంటే ఆ పిండి ఏ మొక్కకూ వేయకండి, కుండీల్లో వేసే మిశ్రమాలు కొనేటప్పుడు కూడా అడిగి తీసుకోండి.

బీచ్‌లో కుక్కలు తవ్వేదీ ఎక్కువగా వేటే. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, భీమిలి దాకా తడి ఇసుక పైన సన్నటి కన్నాలు కనిపిస్తాయి కదా, అవి ఇసుక పీతల ఇళ్లు. కుక్క కన్నం దగ్గర తవ్వుతుంటే పీత ఇంకా లోపలికి పోతుంది, చాలాసార్లు కుక్కే అలసిపోయి వదిలేస్తుంది, దానికి అదొక ఆట. అయితే చలికాలం చివర్లో ఇదే తవ్వుడు వల్ల పెద్ద నష్టం జరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి, ఇసుకలో సుమారు అడుగున్నర లోతు గొయ్యి తీసి, ఒక్కోటి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పేసి వెళ్లిపోతాయి. గుడ్లు పిల్లలు కావడానికి దాదాపు ఒకటిన్నర నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ లోపు వాసన పట్టి వీధికుక్కలు గూళ్లు తవ్వేస్తాయి, ఒక గూడు దొరికితే గుంపంతా వచ్చేస్తుంది. అందుకే అటవీ శాఖ వాళ్లు గుడ్లను సేకరించి కంచె వేసిన హేచరీల్లో పాతి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లకు గట్టి రక్షణ ఇస్తోంది. పెంపుడు కుక్కను బీచ్‌కి తీసుకెళ్లేవాళ్లు ఆ నెలల్లో పొడి ఇసుక మీద తాడు విప్పకుండా ఉంటే చాలు. వీధికుక్కల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, బీచ్‌లో మనం పారేసే తిండే వాటిని అక్కడ నిలబెడుతోంది.

దాచుకోవడం సంగతి తొందరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. తోడేళ్లు, నక్కలు మిగిలిన మాంసాన్ని పాతిపెట్టుకుంటాయి, మట్టిలో తొందరగా చెడిపోదు, కాకులకు గద్దలకు కనబడదు. మన కుక్కకు రెండు పూటలా తిండి దొరుకుతున్నా ఆ బుద్ధి పోలేదు. ఇందులో చూడాల్సిన ముచ్చట ఒకటుంది: తవ్వేది కాళ్లతో, పూడ్చేది మాత్రం ముక్కుతో. ముక్కు మీద మట్టి అంటుకుని వచ్చిందంటే ఏదో దాచిపెట్టి వచ్చిందని అర్థం. ఫ్లాట్‌లో అయితే మట్టే ఉండదు, బిస్కెట్‌ను గచ్చు మీద మూలన పెట్టి, లేని మట్టిని ముక్కుతో నెడుతుంది. తిండి ఎక్కువైనప్పుడు, లేదా ఇంట్లో ఇంకో కుక్క లాక్కుంటుందని అనుమానమున్నప్పుడు ఇది పెరుగుతుంది. ఎముక ఇచ్చేదైతే విడిగా ఇవ్వండి, కొంతసేపయ్యాక తీసేయండి.

ఆడకుక్క తవ్వుడు వేరే కథ. అక్టోబరులో వచ్చే చిత్త కార్తె కుక్కల కాలమని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కుక్క కడుపు మోసేది సుమారు 63 రోజులు, ఆ లెక్కన డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా వీధుల్లో పిల్లలే పిల్లలు. పిల్లల్ని పెట్టే ముందు తల్లి ఆగి ఉన్న లారీ కింద, మెట్ల కింద, ఇసుక గుట్ట పక్కన, తుప్పల్లో లోతుగా, ఒక పక్క నుంచి మాత్రమే దారి ఉండేలా తవ్వుతుంది. ఐసర్ కోల్‌కతా అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మన దేశపు వీధికుక్కలు గూడు కోసం మనుషులకు దగ్గరగా ఉండే చోట్లనే ఇష్టపడతాయని తేలింది. మీ ఇంటి ముందు తవ్విందంటే కీడు కాదు, మీ దగ్గర తన పిల్లలు భద్రంగా ఉంటాయని నమ్మింది. ఆ కొన్ని వారాలు కదపకుండా వదిలేసి, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఏర్పాటు చూడటం అందరికీ మంచిది.

కడుపు లేకుండానే ఇలా చేసే కుక్కలూ ఉంటాయి. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తగ్గి, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడంతో, నిజంగా కడుపుతో ఉన్నట్టే ప్రవర్తించవచ్చు. సోఫా కింద, మంచం మూల, బట్టల కుప్పలో గోకుతూ గూడు కడుతుంది, ఒక బొమ్మను పిల్లలా కాపలా కాస్తుంది, పాలు కూడా పడొచ్చు. చాలా కుక్కల్లో రెండు మూడు వారాల్లో అదే సర్దుకుంటుంది. పాలు గడ్డకట్టి రొమ్ములు వాచినా, తిండి మానేసినా డాక్టరుకు చూపించాలి. ఆ సమయంలో తిట్టడం మాత్రం చాలా అన్యాయం.

భయంతో తవ్వే కుక్క కూడా అలాంటి మూలనే వెతుక్కుంటుంది. మనకు దీపావళి, తుపానులు దాదాపు ఒకే కాలంలో వస్తాయి కాబట్టి అక్టోబరు, నవంబరు వీటికి టెన్షన్ నెలలు. తలుపు దగ్గర, కిటికీ కింద గోళ్లు విరిగేలా గోకుతుంది. బాత్రూం గచ్చు మీద దుప్పటి వేసి, ఫ్యానో టీవీనో పెట్టి, పక్కన ఎవరైనా కూర్చుంటే చాలావరకు కుదుటపడుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే గేటు కిందా తలుపు దగ్గరా తవ్వుతుంటే అది ఒంటరితనం భయం కావచ్చు. గోడ అవతల ఎదకు వచ్చిన ఆడకుక్క ఉంటే మగకుక్క రాత్రికి రాత్రే గేటు కింద దారి చేసుకుంటుంది, ఆపరేషన్ చేయిస్తే ఆ తహతహ చాలా తగ్గుతుంది.

ఇవేవీ కానప్పుడు మిగిలేది విసుగు, ఇది ఒప్పుకోవడమే మనకు కష్టం. ఇక్కడొకటి అక్కడొకటి సగం సగం తవ్విన గోతులు, పక్కన చిరిగిన చెప్పు, నమిలిన కుళాయి పైపు. జర్మనీలో బ్యాడ్జర్లనే బొరియ జంతువుల వేట కోసం బొరియల్లో దూరేలా పెంచిన డాక్స్‌హుండ్, బ్రిటన్‌లో నక్కల కోసం ఎలుకల కోసం పెంచిన టెర్రియర్లు, వీటికి తవ్వడం తరతరాలుగా నేర్పించిన విద్య. అలాంటిదాన్ని తెచ్చి రోజంతా గొలుసుకు కట్టేసి, సాయంత్రం పది నిమిషాలు వీధి చివరి దాకా తిప్పి తెస్తే మిగతా రోజంతా అది ఏం చేయాలి? అన్నట్టు, మూత్రం పోశాక వెనక్కాళ్లతో గట్టిగా గీకుతుంది చూడండి, దాన్ని ఈ లెక్కలో వేయొద్దు. అమెరికా శాస్త్రవేత్త మార్క్ బెకాఫ్ 1979లోనే దాని గురించి రాశారు, అది మిగతా కుక్కలకు వాసనతో పాటు కంటికీ కనిపించేలా వదిలే సమాచారం.

ఆఫీసు నుంచి వచ్చి పొద్దున తవ్విన గొయ్యి చూపించి తిడితే, తల దించుకుని చెవులు వాల్చేస్తుంది, తప్పు తెలిసినట్టే ఉంటుంది. 2009లో కుక్కల ప్రవర్తనను పరిశోధించే అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలతో చేసిన ప్రయోగంలో తేలిందేమిటంటే, ఆ ముఖం తప్పు చేసినందుకు పెట్టేది కాదు, యజమాని తిట్టినందుకు పెట్టేది, ఏ తప్పూ చేయని కుక్క కూడా తిడితే అలాగే పెట్టింది. గంటల కిందటి గొయ్యికీ ఇప్పటి తిట్టుకీ అది ముడిపెట్టలేదు. తవ్వుతుండగా చూస్తే పేరు పెట్టి పిలిచి ఇంకో పనిలో పెట్టండి, అంతే.

చేయాల్సినది, దానికంటూ కాస్త నేల వదలడం. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, మధ్యాహ్నం నీడ పడే మూల. రెండు వరసల ఇటుకలు పేర్చి ఇసుకా మట్టీ కలిపి నింపి, పొద్దున్నే ఒక బకెట్ నీళ్లు చల్లండి. మొదట్లో దాని ఎదురుగానే ఒక బొమ్మో బిస్కెట్టో పైపైన పాతి తవ్వనిచ్చి మెచ్చుకోండి, తర్వాత తర్వాత లోతుగా పాతండి. రాత్రి పట్టా కప్పితే పిల్లులు పాడుచేయవు. మొక్కల మొదళ్ల చుట్టూ పెద్ద రాళ్లు పెట్టి, వాటికి నీళ్లు కుక్క లోపల ఉన్నప్పుడు సాయంత్రం పోయండి. గేటు కింద ఒక వరస సిమెంటు దిమ్మె కట్టించండి. నడక తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడ్డాక, ఊరికే లాక్కెళ్లకుండా ఆగి వాసన చూసే టైం ఇస్తూ. కట్టేసి ఉంచే గొలుసు తీసేయండి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు ఇసుక కుదరదు కాబట్టి ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పాత బనీన్లు, చిరిగిన తువ్వాళ్లు, నలిపిన పేపర్లు నింపి అడుగున నాలుగు గింజలు తిండి వేసి ఇవ్వండి. మింగే అలవాటున్న కుక్క అయితే ఎదురుగా కూర్చుని ఆడించండి, గుడ్డ ముక్కలు పేగుల్లో అడ్డుపడతాయి. ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో అదే టబ్బులో పొట్ట తడిసేంత నీళ్లు పోసి బాల్కనీ నీడలో పెట్టండి.